ఉప్పు గాలిలో ఇనప మంచె: చప్పుడు, తుప్పు రెండూ ఆపేదెట్లా?

వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే టైముకి మన నెల్లూరు కోస్తా ఇసక నేలల్లో రాత్రి కాపలా మొదలవుతుంది. పక్కన సరుగుడు తోపో సీమతుమ్మ చెట్లో ఉంటే అడవి పందుల భయం ఇంకా ఎక్కువ. కర్ర మంచెకు చెద పడుతోందని చాలామంది పైపులతో ఇనప మంచె చేయించుకుంటున్నారు. మంచిదే. కానీ సముద్రపు గాలికి రెండేళ్లలోనే అది కిర్రుకిర్రుమంటుంది, తుప్పు రాలుతుంది.

అమెరికాలో వేటగాళ్లు చెట్లకు ఇనప స్టాండ్లు బిగించుకొని కూర్చుంటారు. తమ చప్పుడు జంతువుకి వినపడకూడదని వాళ్ల తాపత్రయం. మనది వేట కాదు, కాపలా. జంతువు అలికిడి మనకు వినపడాలి. గాలి వీచినప్పుడల్లా మంచె మోగుతుంటే, పంది కాయ నమిలే చప్పుడు ఎక్కడ తెలుస్తుంది?

రెండూ ఒకటే జబ్బు

బోల్టు వదులైతే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ రాపిడికి రంగు పోతుంది. రంగు పోయినచోట ఉప్పు చేరుతుంది. ఉప్పు గాల్లో తేమను లాక్కుంటుంది కాబట్టి, వాన లేకపోయినా రాత్రంతా ఇనుము తడిగానే ఉంటుంది. తుప్పు తిన్నకొద్దీ బోల్టు ఇంకా వదులవుతుంది. అందుకే కిర్రుమన్నచోట ముందు చూడాలి.

చప్పుడు ఆపడం

చాలామంది మెట్లకు, పలకల కిందా గోనెసంచి, కొబ్బరి తాడు చుడతారు. చప్పుడైతే తగ్గుతుంది గానీ అవి ఉప్పు తడిని పీల్చుకొని ఇనుముకి అంటిపెట్టుకుంటాయి. లోపల తుప్పు మనకు కనపడదు. నేను చెప్పే మాట ఒక్కటే: చప్పుడు ఆపేది తడిని పట్టుకోకూడదు.

పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి పలకకూ ఫ్రేముకూ మధ్య పెట్టండి. బోల్టులకు మామూలు నట్టు బదులు నైలాక్ నట్టు వేస్తే ఊగులాటకు వదులు కాదు. కింద రబ్బరు వాషర్ వేయండి. రేకు పైకప్పు వాన చినుకులకు దడదడమంటుంది, దాని మీద తాటాకు కప్పితే సద్దుమణుగుతుంది. ఆ తాటాకు ఏటా మార్చి, రేకు ఎట్లుందో చూసుకోవాలి.

తుప్పు ఆపడం

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోపే, పొడి రోజులు చూసి ఈ పని ముగించాలి. వైరు బ్రష్‌తో తుప్పు గీకి, మంచి నీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు. ఉప్పు మీద రంగేస్తే పొక్కులొస్తాయి. బాగా ఆరాక ఒక కోటు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద రెండు కోట్లు ఎనామిల్. వెల్డింగ్ అతుకులు, పైపు కోసిన అంచులు, బోల్టు బెజ్జాలు వదలొద్దు. జీఐ పైపైనా వెల్డింగ్ వేడికి అక్కడ జింకు పోతుంది.

పైపు పైమూతి మూసేయండి, అడుగున నీళ్లు కారేందుకు చిన్న బెజ్జం ఉంచండి. కాళ్లను నేరుగా ఇసకలో పాతకుండా, నేలకు జానెడు ఎత్తున్న కాంక్రీటు దిమ్మె మీద నిలిపి గట్టిగా బిగించండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయొద్దు, అది కారి మన నేలలోకే దిగుతుంది. జీవామృతం డ్రమ్ము మంచె కింద పెట్టొద్దు, గోమూత్రంలోని లవణాలు ఇనుమును తింటాయి.

ప్రాణం ముఖ్యం

ఎక్కేముందు ప్రతి మెట్టూ కాలితో నొక్కి చూడండి. ఉరుము వినపడితే వెంటనే దిగి పక్కా ఇంట్లోకి పోండి. మంచె కింద కూడా నిలబడొద్దు. తుపాను హెచ్చరిక వస్తే పైరేకులు విప్పి కింద పెట్టండి. 1989 నవంబరులో కావలి తుపాను చూసినవాళ్లకు ఎగిరే రేకు సంగతి చెప్పక్కర్లేదు. పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ అసలే వద్దు. అది నేరం, మనుషులు పోతున్నారు.

ట్యూబు ముక్క, నైలాక్ నట్టు బిగించే తీరు వీడియోలో చూపించాను. మీ వైపు ఇంకేదైనా పద్ధతి ఉంటే కామెంట్లో రాయండి, అందరికీ పనికొస్తుంది.