జాడ చదివే గురువులు

2017 జనవరిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళ గిరిజనులు తమిళనాడు నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లారు. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు విపరీతంగా పెరిగిపోయి చిన్న జంతువుల్నీ పక్షుల్నీ ఊడ్చిపెట్టేస్తున్నాయి. అంతకు ముందు ఏడాది ప్రభుత్వం వాటిని పట్టే పోటీ పెడితే వెయ్యిమందికి పైగా బరిలో దిగి, దాదాపు నెల రోజుల్లో 106 పాముల్ని పట్టారు. ఈ ఇద్దరూ మొదటి ఎనిమిది రోజుల్లోనే 13 పట్టారు. వాటిలో ఒకటి పదహారడుగుల ఆడపాము. చేతిలో ఇనుప కడ్డీ పట్టుకుని, కోసుకుపోయే గడ్డిలోకి దూరి, విడిచిన కుబుసాన్నీ రెట్టనూ నేల మీద పాకిన ఆనవాలునూ చూసుకుంటూ నెమ్మదిగా నడవడమే వాళ్ల పద్ధతి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, అక్కడి వన్యప్రాణి సంస్థ వాళ్లను పిలిపించింది పాముల్ని పట్టించడానికే కాదు, ఆ చూపు ఎలాంటిదో తామూ నేర్చుకోవడానికి. 2023లో భారత ప్రభుత్వం ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది.

పద్మశ్రీ గౌరవమే. కానీ అది ఏడాదికోసారి జరిగే సభ. ఆ ఇద్దరికి తెలిసిన విద్యను పెద్దవాళ్లకు నేర్పే బడి, అందులో జీతం తీసుకునే గురువు స్థానం మన దేశంలో దాదాపు లేవు. అడవిలో ప్రాణం నిలుపుకోవడం అనగానే టీవీలో చూసిన ఒంటరి సాహసి, నడుముకు కత్తి, పచ్చి పురుగులు నమలడం గుర్తొస్తాయి. అసలు విద్య అందులో లేదు. నేలను, గాలిని, చెట్టును, జంతువు అరుపును చదవడంలో ఉంది. ఆ చదువు వీడియో చూసి రాదు. తెలిసినవాళ్ల పక్కన నడిస్తే, తప్పు చెప్పినప్పుడల్లా దిద్దించుకుంటే వస్తుంది. అలా దిద్దగలిగిన మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను మనం గైడ్లుగా, వాచర్లుగా, దినకూలీలుగా చూస్తున్నాం. గురువులుగా గుర్తించి, గురువుల జీతమిచ్చి, వాళ్ల దగ్గర పెద్దవాళ్లం నేర్చుకోవాలన్నదే ఈ కథనం వాదన.

పెద్దయ్యాక ఇవన్నీ ఎందుకు, అవసరం వస్తే ఇంగితమే దారి చూపుతుంది అనుకునేవాళ్లు చాలామంది. ఇంగితం ఎంతవరకు పనికొస్తుందో జర్మనీలో పరీక్షించి చూశారు. మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్ బృందం కొందరిని బీన్‌వాల్డ్ అడవిలోకి పంపి తిన్నగా నడవమంది. ఎండ ఉన్న రోజు నడిచినవాళ్లు దాదాపు తిన్నగానే వెళ్లారు. మబ్బు పట్టిన రోజు నడిచినవాళ్లు గుండ్రంగా తిరిగి, తమ దారిని తామే దాటినా ఆ సంగతి వాళ్లకు తెలియలేదు. 2009లో వచ్చిన ఈ పరిశోధన చెబుతున్నది ఒక్కటే: సూర్యుడో కొండో ఏదో ఒక ఆనవాలు లేకపోతే మనిషి ఒళ్లు మనిషినే మోసం చేస్తుంది. ఏ ఆనవాలును పట్టుకోవాలో ముందే ఒకరు నేర్పాలి.

తెలుగు నేల మీద ఈ విద్య అవసరం ట్రెక్కింగ్ సరదాతో మొదలు కాలేదు. రాత్రి మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకు అది రోజువారీ అవసరం. 2020లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. అత్యధికులు పల్లెల వాళ్లు. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబర్ మధ్య వానాకాలంలోనే. ఎక్కువ ప్రాణాలు పోయిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుందనీ, ఆ కాటు నొప్పి పెట్టకపోవచ్చనీ, రక్తపింజర ఎండుటాకుల్లో కనిపించకుండా కలిసిపోతుందనీ ఎంతమంది పెద్దవాళ్లకు తెలుసు? తెలిసిన ఇరుళ మనిషి ఒక సాయంత్రం ఊళ్లో తిప్పి, ఏ గట్టు కింద కలుగుంది, కట్టెల మోపు ఎటు నుంచి ఎత్తాలి, లైటు ఎక్కడ పడాలి అని చూపిస్తే, వంద కరపత్రాలు చేయలేని మేలు జరుగుతుంది.

ఈ చదువు ఎలా ఉంటుందో ఒక్క అడుగు దగ్గర ఆగి చూద్దాం. నల్లమలలో బండ్లబాట మీద, దుమ్ములో, పొద్దున్నే పులి పాదం పడి ఉంది. కొత్తవాళ్లకు కనిపించేది పెద్ద అడుగు, అంతే. జాడ చదివేవాళ్లు ముందు దాని చుట్టూ తిరిగి, అడుగు తమకూ సూర్యుడికీ మధ్య ఉండేలా నిలబడతారు. ఏటవాలు ఎండలో నీడ పడితేనే గీతలు తేలతాయి. గోళ్ల గుర్తు లేదు కాబట్టి రేచుకుక్క కాదు, హైనా కాదు. అరికాలి దిండు వెనక అంచున మూడు వంపులున్నాయి, పిల్లి జాతే. వెనక కాలి ముద్ర చదరంగా ఉంటే మగపులి అయ్యే అవకాశం ఎక్కువ, కాస్త పొడుగ్గా ఉంటే ఆడది. ఇక అసలు ప్రశ్న: ఎప్పుడు పోయింది? అంచులు ఇంకా పదునుగా నిలిచాయా, రాలిపోయాయా? రాత్రి మంచు అడుగు లోపల కూడా కురిసిందా, లేక మంచుకు తడిసిన దుమ్మునే పాదం తొక్కిందా? తెల్లవారుజామున తిరిగే పురుగు బాట ముద్ర మీదుగా సాగిందా, ముద్ర దగ్గర తెగిపోయిందా? ఈ లోపు చెవి వేరే పని చేస్తూ ఉంటుంది. చెట్టు మీద కొండముచ్చు ఖంగుమందా, దుప్పి ఎటువైపు చూసి కూసింది? ఇన్ని ప్రశ్నలు ఒకేసారి మనసులో నడవడం అలవాటైతే దాన్నే అడవి తెలియడం అంటాం. మంచి గురువు ఇక్కడ జవాబు చెప్పేయరు. ఇంకో ప్రశ్న వేసి, శిష్యుణ్ణి మళ్లీ నేల మీదికి వంచుతారు. పెద్దవాళ్లకు ఇది కష్టం. ఉద్యోగంలో అన్నీ తెలిసినవాళ్లుగా చలామణి అయినవాళ్లు అక్షరజ్ఞానం లేని మనిషి ముందు పొరపడటానికి సిద్ధపడాలి. ఆ సిద్ధపాటే ఈ విద్యలో మొదటి పాఠమని నా నమ్మకం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. అడుగుల లెక్కను నమ్మి మనం ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాం. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, అడవిలో లేవు. 2005 నాటికి ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ తర్వాతే లెక్కింపు కెమెరాల దారి పట్టింది. అది మంచి మార్పే, వెనక్కి పోనక్కర్లేదు. కానీ సరిస్కాలో ఓడింది జాడ చదివే విద్య అనడం అన్యాయం. అడుగు మీద గాజుపలక పెట్టి దాని ఆకారం గీసి పైకి పంపే పనిగా ఆ విద్యను కుదించేశారు. గీసినవాళ్లకు చదవడం వచ్చో రాదో పరీక్షించే ఏర్పాటే లేకపోయింది. పరీక్షించిన చోట ఏం తేలిందో చూడండి. నమీబియాలో జు/హోన్సీ వేటగాళ్ల నైపుణ్యాన్ని శాస్త్రవేత్తలు కొలిచి 1997లో ప్రచురించారు: జంతువు ఏమిటి, ఏం చేసింది అని 569 సార్లు అడిగితే 98 శాతం సరైన జవాబులు. 2013లో అదే సమాజానికి చెందిన ముగ్గురిని జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు ఫ్రాన్సు గుహలకు తీసుకెళ్లి, వేల ఏళ్ల నాటి మనుషుల అడుగుజాడలు చదివించుకున్నారు. ఒక గుహలో మడమల ముద్రల్ని అంతవరకు పూజా నృత్యమని ఊహించేవాళ్లు. ఒక పెద్దమనిషి, ఒక కుర్రాడు మట్టి తవ్వుకుని మోసుకెళ్లిన జాడ అని వీళ్లు చెప్పారు. డాక్టరేట్లు ఉన్నవాళ్లు అక్కడ శిష్యులుగా నిలబడ్డారు.

పరీక్ష పద్ధతిని దక్షిణాఫ్రికాకు చెందిన లూయీ లీబెన్‌బర్గ్ 1994లోనే మొదలుపెట్టాడు. పరీక్షకుడు నేల మీద ఒక గుర్తు చుట్టూ గీత గీసి ఒక్కొక్కరిని విడిగా అడుగుతాడు. కాగితం, కలం అక్కర్లేదు. సులువైనది తప్పితే ఎక్కువ మార్కులు పోతాయి, కష్టమైనది చెబితే ఎక్కువ వస్తాయి. అందరూ చెప్పాక సరైన జవాబు ఏమిటో, ఎందుకో అక్కడే వివరిస్తారు. చదువురాని జాడగాళ్లు కూడా ఈ పద్ధతిలో పట్టా పొంది, ఆ పట్టా చూపించి ఉద్యోగం అడగగలిగారు. ఇప్పుడు దాన్ని అమెరికా, యూరప్ దేశాల్లోనూ పాటిస్తున్నారు. మన నల్లమల చెంచు గిరిజనులకు అలాంటి పట్టా ఇచ్చేవాళ్లు ఎవరు?

చేతిలో ఫోను, అందులో జీపీఎస్ ఉండగా ఇదంతా దేనికన్న ప్రశ్నకు పెద్ద జవాబు అవసరం లేదు. నల్లమల లోయల్లో సిగ్నల్ పోతుంది, బ్యాటరీ అయిపోతుంది. పైగా ఎప్పుడూ జీపీఎస్ మీదే ఆధారపడేవాళ్లలో దారి గుర్తుపెట్టుకునే శక్తి తగ్గుతోందని 2020లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఈ విద్య చేతులు మారితే దుర్వినియోగమవుతుందన్న, దొంగ వేటగాళ్ల పాలవుతుందన్న భయం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2024లో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో కొండరెడ్డి గిరిజనులు చెప్పిన సంగతిని అటవీ అధికారులు స్వయంగా పరీక్షించారు: నల్లమద్ది కాండం మీద బుడిపెలా ఉబ్బిన చోట గాటు పెడితే నీళ్లు చిమ్మాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఎండాకాలం దాహంతో ఉన్నవాళ్లకు అది ప్రాణాధారం. చూసినవాళ్లందరూ కొడవలి పట్టుకుని చెట్ల మీద పడితే అదే చెట్టుకు చావు. వీడియో గాటు పెట్టడం చూపిస్తుంది. ఎప్పుడు గాటు పెట్టకూడదో గురువు చెబుతారు. ఏ మేరకు తీసుకోవాలి, ఏది వదలాలి అన్నది ఈ విద్యకు బయటి నుంచి అతికించిన నీతి కాదు, అందులోని పాఠమే. ఇరుళల చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. పాము చర్మాల వ్యాపారాన్ని చట్టం మూసేశాక వాళ్ల బతుకు వీధిన పడింది. 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో ఇరుళ పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే మన ఆసుపత్రుల్లో వాడే విరుగుడు మందు తయారవుతోంది. విద్యకు గౌరవమైన దారి దొరికితే చెడుదారి దానంతటదే సన్నబడుతుంది.

ప్రమాదం మాట కూడా తప్పించుకోలేం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, మార్చి నెల, కొండవాలు: మంట ఏ దిక్కుకు, ఎంత వేగంగా పాకుతుందో ఆ కొండల్లో పెరిగినవాళ్లకు తెలుసు. ఆ తెలివి ముందు నడవాలి. 2024లో తమిళనాడు స్థానిక గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి 40 ట్రెక్కింగ్ దారులు తెరవడం మెచ్చుకోదగ్గ అడుగు. చెంచుల తేనె వేట చూసినా, అడవి మనుషులకు జాగ్రత్త కొత్త కాదని అర్థమవుతుంది. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ తేనె కోసేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ చేతిలో ఉన్నాయి కాబట్టి అది వదలదని నమ్మకం. ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలన్నది వాళ్లు ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. చెంచు పిల్లలకు కావలసింది చదువు, ఉద్యోగం, రక్తహీనత లేని ఒళ్లు. నగరవాసుల ముచ్చట కోసం వాళ్లను అడవికే కట్టేస్తారా? నూటికి నూరుపాళ్లు న్యాయమైన ప్రశ్న. ఎవరినీ కట్టేయకూడదు. అయితే తండ్రి విద్యకు విలువ లేదని చూసిన కొడుకు దాన్ని వదిలేయడం స్వేచ్ఛగా ఎంచుకున్నది కాదు, దిక్కులేక చేసింది. అదే తండ్రి రేంజర్లకు పాఠం చెప్పే శిక్షకుడై నెలజీతం తెచ్చుకుంటుంటే, నేర్చుకోవాలో వద్దో అప్పుడు కొడుకు నిజంగా ఎంచుకోగలడు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. 1953లో ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గేకు చదవడం, రాయడం రాదు. మరుసటి ఏడాది డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ పెట్టినప్పుడు ఆయన్ను కూలీగానో గైడుగానో నియమించలేదు, క్షేత్ర శిక్షణకు డైరెక్టర్‌ను చేశారు. సైనికాధికారులు సహా వేలమంది పెద్దవాళ్లు ఆ సంస్థలో కొండ ఎక్కడం నేర్చుకున్నారు. మంచుకొండకు దక్కిన ఆ గౌరవం మన అడవికి ఇప్పటికీ దక్కలేదు. హైదరాబాద్ శివార్లలో దూలపల్లిలో తెలంగాణ అటవీ అకాడమీ ఉంది, రాజమహేంద్రవరంలో ఆంధ్రప్రదేశ్ అకాడమీ ఉంది. చెంచుల కోసం శ్రీశైలంలో, మన్ననూరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) ఉన్నాయి. భవనాలు, బడ్జెట్లు, అభయారణ్యాలు అన్నీ ఉన్నాయి. డిగ్రీ అడగకుండా, నేల మీద పరీక్ష పెట్టి, చెంచు, కొండరెడ్డి స్త్రీపురుషుల్ని ఆ అకాడమీల్లో శాశ్వత శిక్షకులుగా నియమించాలి. బీట్ ఆఫీసర్లతో పాటు రైతులకూ, ఉపాధ్యాయులకూ, ట్రెక్కింగ్ బృందాలకూ ఆ తరగతులు తెరవాలి. రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు ఈ ఒక్క నియామక నిబంధన మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, సంకల్పం చాలు. విద్య తెలిసిన పెద్దలు ఇంకా పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, బతికి ఉన్నారు, ఆలస్యం చేయకండి.