పొదుగువాపు - మందునకు లొంగని సూక్ష్మజీవులు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో ఆవును, బర్రెను నమ్ముకొని సంసారము నడుపుకొను కుటుంబము లనేకము. అట్టి యింట పొదుగువాపు ప్రవేశించినచో పాలతోపాటు రాబడియు నెండిపోవును. పొదుగు వేడెక్కి గట్టిపడుట, పాలు విరిగి తరకలుగా వచ్చుట దీని లక్షణములు. ఈ వ్యాధి కారకములలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి ముఖ్యమైనది.

ఒకప్పుడు పెన్సిలిన్ దీనిని సులభముగా నణచెడిది. నేడు పలుచోట్ల నట్లు జరుగుట లేదు. కారణమేమి? ఈ జీవులలో కొన్ని పెన్సిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమును తయారు చేసికొనును. మందు పడినప్పుడు తక్కినవి నశించును. తట్టుకొన్నవి మిగిలి సంతతిని పెంచుకొనును. చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను మొండివిగా జేయునని పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసముననే హెచ్చరించెను.

కోరుట్లలో పశువైద్య కళాశాల, మండలములలో పశువైద్యశాలలు ఉండగా, దుకాణమున నడిగి తెచ్చిన మందును పొదుగులో నెక్కించుట తగదు. వైద్యుడు పాలను పరీక్షింపించినచో నవి ఏ మందునకు లొంగునో తెలియును. వాపు తగ్గెనని చికిత్సను నడుమ మానరాదు. వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పాలను ఇంట వాడరాదు, డెయిరీకి పోయరాదు. మందు కలసిన పాలు తోడు వేసినను సరిగా పేరుకొనకపోవచ్చును.

మేము శ్రోతలకు మనవి చేయునది: కొట్టమును పొడిగా నుంచుడు, చేతులు కడిగికొని పితుకుడు, జబ్బుపడిన పశువును చివర పితుకుడు. వ్యాధి రాని పొదుగునకు మందుతో పనియే లేదు.