గుండెదడకు మాటా కావాలి, ఊపిరీ కావాలి

పిట్లంలో మా పెద్దమ్మ కూతురు ఉంది. నాకన్న నాలుగేళ్ళు పెద్దది. బావ గల్ఫ్‌కు పోయి ఆరేళ్ళయింది. నిరుడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు రాత్రి నా పక్కన పడుకుని, "గుండె దడదడ కొట్టుకుంటది చెల్లె, చేతులు తిమ్మిరెక్కుతయి, ఇగ పానం పోతదేమో అనిపిస్తది" అంది. ఇ.సి.జి. తీయించారు, రక్తపరీక్షలు చేయించారు, థైరాయిడ్ చూపించారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇంట్లోవాళ్ళు "ఊరికే ఆలోచిస్తది" అని తేల్చేశారు. పక్కింటావిడేమో "యోగా చెయ్యరాదు, మందులెందుకు?" అంది.

ఆ రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

చివరికి నిజామాబాదులో మానసిక వైద్యునికి చూపించాము. దీనిని పానిక్ అంటారట. భయం పుట్టగానే మనకు తెలియకుండానే ఊపిరి గబగబా తీస్తాము. దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం అందుకే. ఆ తిమ్మిరి చూసి "అమ్మో, గుండెపోటే" అని ఇంకా భయం, ఆ భయానికి ఇంకా వేగంగా ఊపిరి! గానుగెద్దు తిరిగినట్టు అదే చుట్టు. "నీకేమీ కాదు" అని నోటితో ఎంత చెప్పినా, దడ వచ్చిన క్షణంలో ఒళ్ళు ఆ మాట వినదు గదా.

అందుకని కౌన్సెలింగులో మొదటి పది నిమిషాలు ఊపిరికే కేటాయించారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం. అంటే నిమిషానికి ఆరుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నాడి గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది కనుక, వదలడమే ఎక్కువసేపు. ఒళ్ళు కాస్త నెమ్మదించాక మాటలు. దడ ఏ వేళకు వచ్చింది, అంతకుముందు మనసులో ఏమనుకున్నావు అని ఒక నోటుబుక్కులో రాయించారు. చూస్తే, బావ ఫోను రాని రాత్రులే ఎక్కువ! అక్కకే ఆశ్చర్యం వేసింది. ఆసనం ఒక్కటే వేసి ఊరుకుంటే ఆ సంగతి బయటపడేది కాదని నా ఉద్దేశం.

ఇదేదో కొత్త వింత కాదండీ. బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ వాహియా 1960ల, 70లలోనే పతంజలి యోగాన్ని మానసిక చికిత్సలో వాడి చూశారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తీవ్రమైన దిగులుతో చేరిన 45 మందిని మూడు జట్లు చేసి చూసిన పరిశోధన 2000లో వెలువడింది. కరెంటు చికిత్సతో 15 మందిలో 14 మంది, ఇమిప్రమిన్ మాత్రలతో 11 మంది, సుదర్శన క్రియ అనే శ్వాసాభ్యాసంతో 10 మంది తేరుకున్నారు. మాత్రలకు దాదాపు సరిజోడే అయినా, కరెంటు చికిత్సకు మాత్రం సాటి రాలేదు. పైగా చిన్న జట్లు, వైద్యుల కళ్ళముందు చేసిన పని. ఈ లెక్క చూసి ఇంట్లో మాత్రలు మానేసేరు సుమా!

అమెరికాలో 2014లో వెలువడిన మరో పరిశోధనలో, పాత దెబ్బలు మనసులోంచి పోని 64 మంది స్త్రీలను తీసుకున్నారు. పది వారాలు యోగా చేసినవారిలో సగానికి సగం మందికి ఆ జబ్బు లక్షణాలు నిర్ధారణ స్థాయికన్నా తగ్గాయి. ఆరోగ్యపాఠాలు మాత్రమే విన్నవారిలో అయిదోవంతుకే అలా తగ్గాయి.

అయినా అందరికీ ఒకే పద్ధతి పనికిరాదు. కళ్ళు మూసుకుంటే పాత భయాలు ముసిరేవాళ్ళు కళ్ళు తెరిచే చెయ్యాలి. లేని మాటలు వినిపించేవాళ్ళు, ఉద్రేకం హెచ్చిన జబ్బున్నవాళ్ళు, రక్తపోటు ఎక్కువున్నవాళ్ళు భస్త్రిక వంటి వేగమైన ప్రాణాయామం డాక్టరును అడగకుండా చెయ్యకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే చాప పరచుకోవడం కాదు, అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

వెళ్ళడానికి వీలులేనివారికి టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

అక్క ఇప్పటికీ రాత్రి ఒక మాత్ర వేసుకుంటుంది. దడ పూర్తిగా పోలేదు. మొదట్లో తలుపు గడియ పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకునేది. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే మా పెద్దమ్మ పక్కన కూర్చుని అంకెలు చెబుతోంది, ఆమెకు ఆరు దాకా సరిగ్గా లెక్క కుదరక ఇద్దరూ నవ్వుకుంటున్నారు.