గంజాయి కార్డు ఎక్కడిస్తారన్నా?

"మా నాయన నొప్పికి తట్టుకోలేకున్నాడు. అమెరికాలో గంజాయికి కార్డు ఇస్తారంట కదా, మన కర్నూల్లో ఎక్కడిస్తారన్నా?" యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి ఇలా అడిగే కొడుకులు ఆదోని వైపూ ఉన్నారు, ప్రొద్దుటూరు వైపూ ఉన్నారు. వాళ్లను చూసి నవ్వాల్సిన పని లేదు. ఇంట్లో మనిషి రాత్రంతా మూలుగుతుంటే ఎవరైనా ఏ దారి కనిపిస్తే ఆ దారి పడతారు. కానీ ఈ దారిలో మోసగాళ్లున్నారు, జైలు కూడా ఉంది.

అపోహ: డాక్టరు రాసిస్తే మన దగ్గర కూడా గంజాయి కార్డు వస్తుంది.

వాస్తవం: రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే కాదు, దేశంలో ఏ రాష్ట్రంలోనూ అలాంటి కార్డు లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) వైద్య, శాస్త్ర అవసరాలకు కొంత వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. అది లైసెన్సుతో తయారయ్యే మందులకు, పరిశోధనలకు. రోగి ఇంట్లో గంజాయి పెట్టుకోవడానికి కాదు. ఆరోగ్యశ్రీ కార్డు చూపినా, సదరం సర్టిఫికెట్ చూపినా ఈ విషయంలో పనికిరావు. డబ్బు తీసుకొని ఆన్‌లైన్‌లో "మెడికల్ కార్డు" పంపిస్తామనే వాళ్లు మీకు అమ్మేది ఉత్త ప్లాస్టిక్ ముక్క.

అపోహ: ఆయుర్వేద డాక్టరు చీటీ ఉంటే చాలు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆయుర్వేదంలో గంజాయి మొక్కను విజయ అంటారు. దానితో చేసే మందులకు ఆయుష్ లైసెన్సు దొరుకుతుంది. అయితే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాలు దాన్ని విషద్రవ్యాల పట్టికలో, అంటే షెడ్యూల్ ఇ(1)లో పెట్టాయి. వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండి తీరాలి. ఆ చీటీ ఆ సీసాకే చెల్లుతుంది. అది జేబులో పెట్టుకొని సందులో గంజాయి పొట్లం కొంటే పోలీసు ముందు విలువ ఉండదు. లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు లేని "క్యాన్సర్ నూనె" జోలికి అసలు పోవద్దు.

ఇక గంజాయి జాతి మొక్క గింజలు (హెంప్ సీడ్స్), వాటి నూనె వేరే సంగతి. 2021లో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటిని ఆహారంగా అనుమతించింది. మత్తూ ఉండదు, నొప్పీ తగ్గదు.

అపోహ: కిలో లోపు ఉంటే కేసు కాదు.

వాస్తవం: కుర్రాళ్లు బాగా నమ్మే మాట ఇది. చట్టంలో కిలో దాకా "చిన్న పరిమాణం" అన్నారు తప్ప, నేరం కాదని ఎక్కడా అనలేదు. దానికీ ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కిలో దాటితే పదేళ్ల వరకు వెళ్తుంది. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు. కంది చేలో నాలుగు మొక్కలు వేసుకుంటే ఎవరు చూస్తారనుకునే రైతుకూ ఒక మాట: సాగుకు కూడా పదేళ్ల వరకు శిక్ష ఉంది.

"ఆకు తప్పు కాదు" అనే వాదన ఇంకొకటి. పూత, కాయ లేని ఉత్త ఆకు, గింజ ఈ కేంద్ర చట్టం చెప్పే గంజాయి కిందికి రావు, నిజమే. మీ సంచిలో ఉన్నది ఉత్త ఆకో, పూతతో కలిసినదో తేల్చేది ల్యాబు. ఆ రిపోర్టు వచ్చేలోపు మీరు ఎక్కడుంటారో ఆలోచించుకోండి. గంజాయి శివుడికి ప్రీతి అన్న మాటకూ కోర్టులో చోటు లేదు.

అపోహ: అమెరికాలో ఉన్న మన పిల్లలు కార్డు తీసుకుంటే నిశ్చింత.

వాస్తవం: 1996లో కాలిఫోర్నియా మొదలుపెట్టాక చాలా రాష్ట్రాలు ఈ పద్ధతి తెచ్చాయి. అక్కడి తీరు ఇలా ఉంటుంది: ఆ రాష్ట్ర చట్టం గుర్తించిన జబ్బు ఉందని డాక్టరు ధ్రువీకరిస్తాడు, రోగి రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదవుతాడు, కార్డుతో లైసెన్సు ఉన్న దుకాణంలో కొంటాడు. కానీ ఆ కార్డు రాష్ట్రానిది. వీసా, గ్రీన్‌కార్డు చూసేది కేంద్రం. ఆ కేంద్ర చట్టంలో గంజాయి ఇంకా నియంత్రిత మత్తుపదార్థమే. వాడానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, చిక్కుల్లో పడొచ్చు. ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఉన్న పిల్లలు వకీలును అడగకుండా ఆ కార్డు ఫారం నింపకూడదు. "నాయనకు పనికొస్తుంది" అని అక్కడినుంచి నూనె సీసా, గమ్మీలు సూట్‌కేసులో పెట్టుకొస్తే ఇక్కడి విమానాశ్రయంలో అది దిగుమతి నేరం.

అపోహ: గంజాయి క్యాన్సర్‌ను నయం చేస్తుంది. ఐక్యరాజ్యసమితే ఒప్పుకుంది.

వాస్తవం: 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తీసేసింది. భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది. వైద్యపరమైన ఉపయోగం ఉండొచ్చని ఒప్పుకున్నారు, అంతే. గంజాయికి సంబంధించిన మందులకు పనితనం రుజువైన చోట్లు కొన్నే: కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు, పిల్లల్లో అరుదైన కొన్ని రకాల మూర్ఛలు వంటివి. ఆ మూర్ఛల మందును అమెరికా 2018లో అనుమతించింది. గడ్డ కరుగుతుందని మనుషుల్లో రుజువు కాలేదు. నొప్పి విషయానికొస్తే, దానిమీదే పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ 2021లో ఆధారాలు చాలవని తేల్చింది.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. మనవాళ్లు దొరకని కార్డు కోసం తిరుగుతారు. అదే ఎన్‌డీపీఎస్ చట్టం కింద చట్టబద్ధంగా దొరికే, క్యాన్సర్ నొప్పికి దశాబ్దాలుగా పనిచేస్తున్న మార్ఫిన్ మాత్రను మాత్రం అడగరు. అడగకపోవడానికి కారణం కూడా అపోహే.

అపోహ: మార్ఫిన్ చావుకు ముందు ఇచ్చే మందు. మొదలుపెడితే బానిసవుతారు.

వాస్తవం: నొప్పి ఏ దశలో తీవ్రమైతే ఆ దశలోనే ఇవ్వొచ్చు. డాక్టరు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతూ పోతే ఊపిరి ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. మామూలు మాత్రను నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి విరేచనం మందు మొదటిరోజు నుంచే వేయాలి. పర్యవేక్షణలో వాడే క్యాన్సర్ రోగుల్లో వ్యసనం అరుదు. శరీరం అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. మానాల్సి వస్తే డాక్టరు మెల్లగా తగ్గిస్తాడు, సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. మాత్రలు పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టాలి. మిగిలినవాటిని ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి.

విడ్డూరం ఏమిటంటే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును లైసెన్సుతో పండించే దేశం మనది. అయినా 1985 చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ మానేశాయి. 1997 నాటికి దేశంలో దాని వాడకం సుమారు 97 శాతం పడిపోయింది. కేరళ డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి చాలు. రోగికి ఏ కార్డూ అక్కర్లేదు. డాక్టరు చీటీ, ఆసుపత్రి రిజిస్టరులో పేరు, అంతే. గుర్తింపు లేని వీధి మెడికల్ షాపులో మాత్రం దొరకదు.

అపోహ: గంజాయికి అలవాటు పడ్డవాడు చికిత్సకు వస్తే పోలీసులకు పట్టిస్తారు.

వాస్తవం: ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. చిన్న పరిమాణం కేసులో, లేదా మత్తు వాడిన కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. డీఅడిక్షన్ సలహాకు 14446, మనసు బాగోలేకుంటే 14416 ఉచితం. గంజాయి అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి 1972.

మళ్లీ నొప్పి సంగతికొస్తే, ఇంట్లో అలా బాధపడే మనిషి ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో పాత రిపోర్టులు, వేసుకుంటున్న మందుల చీటీలు తీసుకొని వెళ్లండి. డాక్టరును మొహమాటపడకుండా అడగండి: "సార్, నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాస్తారా? ఇక్కడ లేకుంటే ఎక్కడికి పంపుతారు?" కర్నూలు నుంచి బస్సులో ఒక పూట ప్రయాణంలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడ నొప్పి నివారణకు ప్రత్యేక విభాగమే నడుస్తోంది.