పక్ దగ్గర లేనప్పుడు

ప్రేమ్ బజార్‌లో మంచుగడ్డ కనిపించేది చేపల బల్లల మీదే. గోనెపట్టాలో చుట్టుకొచ్చిన దిమ్మని పొద్దున్నే సుత్తితో పగలగొట్టి శీలావతుల మీదా బొచ్చెల మీదా చల్లుతారు. ఎండెక్కేసరికి అదంతా నీళ్లై కాలవలో కలుస్తుంది. ఒక వైపు ఐఐటీ ప్రహరీ, ఇంకో వైపు రైల్వే కాలనీలు ఉన్న ఈ ఊళ్లో ఐస్ హాకీ మాటెత్తితే విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వినా తప్పులేదు. కానీ హాకీ కర్ర ఖరగ్‌పూర్‌కి కొత్త కాదు. గట్టు మీద కూర్చున్న కుర్రాణ్ణి చూసి వీడిలో ఏదో ఉందని పసిగట్టడం అసలే కొత్త కాదు.

1946లో బిలాస్‌పూర్ నుంచి పందొమ్మిదేళ్ల ఆంగ్లో ఇండియన్ కుర్రాడొకడు ఇక్కడికి వచ్చాడు. మన పాతవాళ్లు ‘బీఎన్నార్’ అని పిలిచే బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులవి. వచ్చింది ఫుట్‌బాల్ ఆడదామని. ఒకరోజు రైల్వే హాకీ జట్ల ప్రాక్టీసు చూస్తుంటే డికీ కార్ అతన్ని పిలిచి ఆడమన్నాడు. ఆ కుర్రాడు లెస్లీ క్లాడియస్. రెండేళ్లకే లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం. తర్వాత 1952, 1956ల్లో మరో రెండు స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం. పిలిచిన కార్ కూడా తక్కువవాడు కాదు, 1932 లాస్ ఏంజిలిస్‌లో ధ్యాన్‌చంద్ పక్కన ఆడి స్వర్ణం తెచ్చినవాడు. ఇందులో తమాషా ఏమిటంటే, కార్ ఆడింది రైటవుట్‌గా, అంటే కుడి వింగర్‌గా. క్లాడియస్ పేరు తెచ్చుకున్నది రైట్ హాఫ్‌గా, అంటే ఎదుటి జట్టు వింగర్ని కదలనివ్వనివాడిగా. వింగర్లని ఆపేవాణ్ణి ఒక వింగరే కనిపెట్టాడన్నమాట.

వింగర్ ఎంతవరకూ ఎదిగాడు, ఇంకెంత ఎదగగలడు అన్నది తేల్చడం ఎప్పుడూ చిక్కే. గోల్‌కీపర్ సంగతి స్కోరు చెప్పేస్తుంది. మైదానం అంచున ఆడేవాడి పని సగం ఎవరి కంటా పడదు. ఐస్ హాకీలో ఆ చిక్కు ఇంకా ఎక్కువ.

ముందు ఆట సంగతి. మంచు మీద జట్టుకి ఆరుగురు: ఒక గోలీ (అంటే గోల్‌కీపర్), ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఫార్వర్డ్‌లలో నడిమివాడు సెంటర్, అటొకడు ఇటొకడు వింగర్లు. అమెరికా, కెనడాల్లో రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. చుట్టూ గోడ ఉంటుంది, దాన్ని బోర్డులంటారు. బంతి బదులు పక్, మూడంగుళాల అడ్డం, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. ఎగిరెగిరి పడకుండా ఆటకి ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. ఆట మూడు ఇరవై నిమిషాలు. కానీ ఒక్కో ఆటగాడు మంచు మీద ఉండేది విడతకి ముప్పావు నిమిషమే. అంతలోనే ఊపిరి అందదు. బెంచీ మీదికి దూకితే ఇంకొకడు దిగుతాడు. ఈ విడతని ‘షిఫ్ట్’ అంటారు. మన రైల్వే ఊళ్లో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు గానీ, ఇక్కడి షిఫ్టు ఎనిమిది గంటలు.

ఇప్పుడొక్క షిఫ్టుని దగ్గర్నుంచి చూద్దాం. పక్ మన గోలు వెనకుంది. మన డిఫెన్స్ కుర్రాడు దాన్ని బోర్డుల వెంబడి గట్టిగా తిప్పి కొట్టాడు. అది గోడనంటుకుని జర్రున జారుతూ వింగర్ వైపు వస్తోంది. వింగర్ వీపు మైదానం వైపు, మొహం గోడ వైపు. వెనకనుంచి అవతలి డిఫెన్స్‌వాడు మీదికొచ్చేస్తున్నాడు. పక్ చేరకముందే మన కుర్రాడు భుజం మీదుగా ఓసారి వెనక్కి చూశాడా? నడుము వంచి గోడకీ తనకీ మధ్య సందు మూసేశాడా? పక్ తగలగానే దాన్ని నడిమికి, సెంటర్ వచ్చే దారిలోకి మెల్లిగా నెట్టాడా, లేక కంగారుపడి గుడ్డిగా కొట్టాడా? ఇదంతా ఒకటి రెండు క్షణాల పని. సరిగ్గా చేస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు, పక్ బయటపడుతుంది, అంతే. తప్పితే పక్ అవతలివాళ్ల కర్రకే చిక్కుతుంది. పది సెకన్లకి గోలు పడుతుంది. తిట్లు గోలీకి పడతాయి. వింగర్ పేరు ఎవరూ ఎత్తరు.

జట్ల కోసం కుర్రాళ్లని వెతికే స్కౌట్ కూర్చునేది అక్కడ చూడటానికే. పక్ కర్రకున్నప్పుడు ఎవడైనా బాగానే కనిపిస్తాడు. అది దగ్గర లేని వేళ వాడేం చేస్తున్నాడు, తప్పు చేశాక తలొంచుకుని బెంచీకి పోతున్నాడా, మళ్లీ వెనక్కి పరిగెత్తుతున్నాడా, తోటివాడికి దారిస్తున్నాడా అడ్డమొస్తున్నాడా, నోటుపుస్తకంలో ఎక్కేవి ఇవే. నాన్నలు మాత్రం ఇంటికొచ్చిన వెంటనే అడిగేది ఒక్కటే: ‘ఎన్ని కొట్టావురా?’

వింగర్‌గా పేరు తెచ్చుకున్న తెలుగువాడు ఐస్ హాకీలో మనకి దొరకడు. భారతీయ మూలాలున్నవాళ్లు మాత్రం ఉన్నారు. 1989లో రాబిన్ బావా నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. ఈ తరంలో చెప్పుకోవలసింది అర్ష్‌దీప్ బైన్స్. కెనడాలో వాంకూవర్ పక్కనున్న సర్రేలో 2001 జనవరి 9న పుట్టిన పంజాబీ కుర్రాడు, లెఫ్ట్ వింగర్. ఎదుగుదలని లెక్కగట్టడం ఎంత మెలికల పనో ఇతని కథలో కనిపిస్తుంది.

ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు, రెండొందలకి పైగా పేర్లు. 2019 నుంచి మూడేళ్లు వరసగా బైన్స్‌కి అర్హత ఉంది. మూడేళ్లూ ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత 2021-22లో వెస్టర్న్ హాకీ లీగ్‌లో రెడ్ డీర్ రెబెల్స్ తరఫున 68 మ్యాచ్‌ల్లో 112 పాయింట్లతో లీగ్ మొత్తానికి మొదటివాడిగా నిలిచాడు. ఈ ఆటలో గోలు కొడితే ఒక పాయింటు, గోలుకి దారితీసిన పాస్ ఇస్తే, దాన్నే అసిస్ట్ అంటారు, దానికీ ఒక పాయింటు. బైన్స్‌వి 43 గోల్స్, 69 అసిస్ట్‌లు.

112 అంకె చూసి ఎగరకూడదు. ఆ లీగ్‌లో ఎక్కువమంది పదహారు నుంచి పంతొమ్మిదేళ్లవాళ్లు. ఇరవై ఏళ్లవాళ్లని జట్టుకి ముగ్గురికి మించి ఉంచుకోనివ్వరు. ఆ సీజన్‌లో బైన్స్ ఆ ముగ్గురి కోటాలోవాడు. డిగ్రీ కుర్రాడు పదో తరగతి పిల్లల్లోకి దిగి కబడ్డీ ఆడితే ఎన్ని పాయింట్లు తెచ్చినా నలుగురూ ‘సరేలే’ అంటారు గదా, అదే సంగతి. పక్కన వయసు వెయ్యకుండా అంకె రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. ఐస్ హాకీలో వయసు లెక్క మరీ పదును. కెనడా పిల్లల జట్లకి జనవరి 1 హద్దు. ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు అదే జట్టులోని డిసెంబరు పిల్లలకన్నా పదకొండు నెలలు పెద్దవాళ్లవుతారు. పదేళ్ల వయసులో ఆ తేడా కొండంత. పెద్ద జట్లలో జనవరి, ఫిబ్రవరి పుట్టుకలే ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ బృందం 1980ల్లోనే చూపించింది. బైన్స్ జనవరి తొమ్మిదిన పుట్టినవాడు. క్యాలెండర్ అతని వైపే ఉంది. అయినా డ్రాఫ్ట్ దాటిపోయింది.

చివరికి 2022 మార్చిలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కెనక్స్ అతనితో ఒప్పందం కుదుర్చుకుంది. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. వాంకూవర్ కింది జట్టు అబాట్స్‌ఫర్డ్. అందులో ఆడేవాళ్లు పిల్లలు కారు, జీతం తీసుకుని ఆడే పెద్దవాళ్లు. మొదటి ఏడాది 66 మ్యాచ్‌లు, 13 గోల్స్, 25 అసిస్ట్‌లు. రెండో ఏడాది 59 మ్యాచ్‌లు, 16 గోల్స్, 39 అసిస్ట్‌లు. మ్యాచ్‌కి అర పాయింటుకి కాస్త పైన ఉన్నవాడు దాదాపు ఒక పాయింటు దాకా వచ్చాడు. అదే లీగు, అదే ఊరు. జూనియర్లలో తెచ్చుకున్న 112 కన్నా ఈ రెండేళ్ల మధ్య తేడాయే ఎక్కువ మాట్లాడుతుంది. 2024 ఫిబ్రవరిలో అబాట్స్‌ఫర్డ్ ఆడే లీగ్ ఆల్-స్టార్ పోటీలో ఉత్తమ ఆటగాడు కూడా అతనే.

ఇక ఏం మిగిలింది? అవే అంకెల్ని ఇంకోలా పేర్చి చూడాలి. జూనియర్లలో అతని పాయింట్లలో గోల్స్ వాటా నూటికి 38. అబాట్స్‌ఫర్డ్ మొదటి ఏడాది 34. రెండో ఏడాది 29. పాస్ ఇచ్చే బుర్ర ఏడాదికేడాది పదునెక్కుతోంది, గోలు కొట్టే చెయ్యి ఆ వేగం అందుకోలేదు. ఇందులో వింతేం లేదు. పిల్లల ఆటలో కర్ర వెనక్కెత్తి గురి చూసుకోవడానికి తీరుబడి ఉంటుంది. పెద్దల ఆటలో కర్ర ఎత్తేలోపు ఎదుటివాడి కర్ర అడ్డం వచ్చేస్తుంది. అక్కడ కావలసింది ఊపు కాదు, మణికట్టుతో చిటికెలో వదిలెయ్యడం. దాంతో పాటు గోలీ కాళ్ల ముందు, మోచేతి పోట్లు తింటూ నిలబడి, వెనక్కి పడే పక్‌ని దొరకబుచ్చుకోవడం. రెండూ సాధనతో వచ్చేవే. ఆటని ముందే చదవగలగడం అలా కాదు, ఇరవై మూడేళ్లకి అది లేనివాడికి ఆ తర్వాత నేర్పడం బహు కష్టం. బైన్స్ విషయంలో లోటు ఉన్నది నేర్పగలిగిన చోట. ఎదగడానికి చోటుందని అనాలంటే ఆధారం ఇదే.

2024 ఫిబ్రవరి 20న ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్. ఆ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే పాయింట్లు సున్నా. పైకి చూస్తే ఇక అయిపోయిందనిపిస్తుంది.

సున్నా అంటే ఖరగ్‌పూర్‌కి ఒక పాత కథ గుర్తుకొస్తుంది. ఈ స్టేషన్లో టికెట్ కలెక్టరుగా పనిచేసిన మహేంద్ర సింగ్ ధోనీ 2004 డిసెంబరు 23న చిట్టగాంగ్‌లో తొలి వన్డే ఆడి, మొదటి బంతికే సున్నాకి రనౌటయ్యాడు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి 22 పరుగులు. అయిదో మ్యాచ్ మన విశాఖలో, 2005 ఏప్రిల్ 5న, పాకిస్తాన్ మీద. ఆ రోజు అతన్ని మూడో స్థానంలో దింపారు. 123 బంతుల్లో 148 కొట్టాడు. రెండు మ్యాచ్‌ల మధ్య కొన్ని రోజుల్లో మనిషి మారిపోలేదు, దింపిన చోటు మారింది. వింగర్‌కీ అంతే. కొత్తగా వచ్చినవాణ్ణి నాలుగో వరసలో, గోలు కొట్టడం పనిగా లేని ఇద్దరి పక్కన, మ్యాచ్‌కి కొద్ది నిమిషాలే ఆడిస్తారు. ఆ సున్నా పక్కన ఎన్ని నిమిషాలు, ఎవరి పక్కన అని కూడా రాయాలి. అలాగని ఎనిమిది సున్నాలు పెట్టిన ప్రతివాడూ ధోనీ అయిపోడు, అది వేరే సంగతి. బైన్స్ తొలి గోలు 2024 అక్టోబరు 26న పిట్స్‌బర్గ్ మీద పడింది.

అంచనా ఇంకో దిక్కుగా కూడా తప్పుతుంది. తండ్రి వైపు భారతీయ మూలాలున్న మానీ మల్హోత్రాని 1998 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ ఏడో పేరుగా ఎంచుకుంది. ఏడో స్థానమంటే గోల్స్ వరద పారిస్తాడన్న ఆశ. పారలేదు. 991 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల్లో 116 గోల్స్ మాత్రమే. కానీ రిఫరీ పక్ వదలగానే గెలుచుకోవడంలో, తన జట్టులో ఒకడు తక్కువైనప్పుడు ఎదుటివాళ్లని నిలువరించడంలో అతన్ని మించినవాళ్లు అరుదు. అందుకే దాదాపు వెయ్యి మ్యాచ్‌లు నిలిచాడు. స్కౌట్లు మనిషిని సరిగానే పట్టారు, పని పోల్చుకోవడంలో తప్పారు. ఆ మల్హోత్రాయే కోచ్‌గా 2025 జూన్‌లో అబాట్స్‌ఫర్డ్‌కి వాళ్ల లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్ గెలిపించాడు. ఆ జట్టులో వింగర్ బైన్స్. అందరూ ఎంచుకోవాలనుకున్నవాడి చేతి కింద ఎవరూ ఎంచుకోనివాడు.

మన దేశంలో ఈ ఆటకి నెలవు లద్దాఖ్. మహిళల జట్టు 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. లద్దాఖ్‌లో ఆట ఎక్కువగా చెరువులు గడ్డకట్టి ఉండే ఆ కొద్ది వారాల్లోనే. ఎదుగుదల తెలియాలంటే ఒకే మనిషిని రెండుసార్లు, కొంత ఎడం ఇచ్చి చూడాలి. మొదటిసారి చూసి రెండోసారి చూసేలోపు మంచు కరిగిపోయే చోట ఎంపిక చేసేవాడి కష్టం తేలిగ్గా ఊహించుకోవచ్చు.

ఖరగ్‌పూర్ మైదానాల్లో ఆ కష్టం లేదు, ఏడాది పొడుగునా ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది. సాయంత్రం పూట గట్టు మీద ఫోన్లు పట్టుకుని నిలబడ్డ నాన్నల్ని చూడండి. బంతి కొడుకు కాలి దగ్గరికి రాగానే రికార్డు బటన్ నొక్కుతారు. బంతి పక్కవాడికి వెళ్లగానే ఫోన్ దించి జేబులో పెట్టుకుంటారు. వెనక ఎవరొస్తున్నారోనని కుర్రాడు భుజం మీదుగా చూసే ఆ చూపు ఆ వీడియోలో ఉండదు.