అత్తమ్మ ఖోలీ, సర్కారు కాగితం

మన చాలుల్లో ఎవరికైనా ఖోలీ నోటీసు వస్తే నా దగ్గరికి తెస్తరు. నేను చదివింది నాలుగో తరగతే. కానీ మా అత్తమ్మ ఖోలీ కోసం వకీళ్ల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి. ఆ సంగతి చెప్తాను.

1975లో బొంబాయి వచ్చి పరేల్‌లో మా మేనమామ ఖోలీలో దిగిన. నేను రాత్‌పాళీ దిగి వచ్చేసరికి మామయ్య పనికి తయారయ్యేవాడు. ఆయన చాప మీదే నేను పడుకునేవాణ్ణి. మామయ్య సర్కారు దఫ్తరులో ప్యూను. ఆ ఖోలీ ఆయన పగిడీ ఇచ్చి తీసుకున్నది కాదు, సర్కారు అలాట్ చేసింది.

1948 నాటి బొంబాయి ల్యాండ్ రిక్విజిషన్ చట్టం ఉండేది. గది ఖాళీ అయితే యజమాని సర్కారుకు తెలపాలి. సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుని ఇల్లు లేనివాళ్లకో, తన నౌకర్లకో ఇచ్చేది. మనం భాడా సర్కారుకు కడితే, యజమానికి సర్కారు పరిహారం ఇచ్చేది.

1989లో మామయ్య పోయిండు. 1994లో అత్తమ్మకు ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలు తీర్పు ఇచ్చారు. రిక్విజిషన్ కొంతకాలానికే, ఎల్లకాలం పట్టుకోవడానికి లేదు, నవంబరు 30 లోపల ఖాళీ చేయాలి అన్నారు.

"సర్కారే ఇచ్చె, సర్కారే పొమ్మనె. ఇప్పుడు ఎవల మీద కేసెయ్యాలె అల్లుడా?" అని అత్తమ్మ ఏడ్చింది.

యజమాని ముసలాయన చెడ్డవాడు కాదు. ఆయన కొడుకు, కోడలు, పిల్లలు అందరూ అదే మేడలో ఒక్క గదిలో ఉండేవాళ్లు. "నా గది నా కొడుక్కు దక్కకుండా ముప్పై ఏళ్లయింది" అన్నడు. నాకు జవాబు దొరకలేదు.

వకీలు ఒక్క మాటే చెప్పిండు: "అలాట్‌మెంట్ కాగితం వేరు, కిరాయిదారు హక్కు వేరు." రెండేళ్లు భయంతోనే గడిచినయి. తర్వాత మహారాష్ట్ర సర్కారు కిరాయి చట్టం మార్చింది. 1996 డిసెంబరు 7 నాడు అలాటీ గానీ, ఆయన వారసులు గానీ ఆ ఖోలీలో సొంతంగా కాపురం ఉంటే వాళ్లు యజమానికి కిరాయిదారులే. యజమానులు కోర్టుకు పోయారు. 2003లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందన్నది.

రేషన్ కార్డు, లైట్ బిల్లు, పాత పావతులు అన్నీ ఉండబట్టి అత్తమ్మ నిలబడ్డది. పక్క ఖోలీ ఆయన వేరేవాళ్లను పెట్టి ఊళ్లో ఉండిపోయిండు. సొంత కాపురం చూపలేక పోగొట్టుకున్నడు.

అందుకే ముందు మీ ఖోలీ ఏ రకమో తెలుసుకోండి. పగిడీదా, మిల్లు నౌకరీతో వచ్చిందా, సర్కారు ఇచ్చిందా? ఒకదాని కాయిదా ఇంకొకదానికి పనికిరాదు. పెద్దవాళ్లు ఉండగానే కాగితాలు సరిచూసుకోండి. ప్రతి పావతి దాచండి.

చట్టం మారినాక మొదటి భాడా అత్తమ్మే తీసుకుపోయి ముసలాయన చేతిలో పెట్టింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, పావతి రాసి ఇచ్చిండు. ఆ పావతి మా పెట్టెలో ఇప్పటికీ ఉంది. అది చూసినప్పుడల్లా మా అత్తమ్మతోపాటు ఆయన కొడుకూ యాదికొస్తడు.