వైకుంఠపాళి – దాని పాఠభేదములు

ఒకే కావ్యమునకు పెక్కు ముద్రణములున్నచో పండితులు వానిని ప్రక్కప్రక్కన ఉంచుకొని పాఠభేదములను గుర్తింతురు. ఆటలకును ఇట్టి పాఠభేదములు కలవు. పటము మారును, నియమములు మారును, ఒక్కొక్కప్పుడు పేరు కూడ మారును. మన తెలుగిండ్లలోని వైకుంఠపాళి ఇందుకు చక్కని ఉదాహరణము. దాని వివిధ ప్రతులను పోల్చి, ఒక ప్రతినుండి మరియొక ప్రతికి వచ్చుసరికి ఏది నిలిచినదో, ఏది జారిపోయినదో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

తొండియార్‌పేటలోని మన బాలబాలికలకు ఈ ఆట రెండు పేర్లతో పరిచితము. ఇంటిలో అవ్వ దీనిని వైకుంఠపాళి అనును. ప్రక్కయింటి తమిళ సోదరులు పరమపదమందురు. ఆట మాత్రము ఒక్కటియే. తెలుగులోను దీనికి పరమపద సోపాన పటమను పేరు కలదు. సోపానమనగా మెట్ల వరుస, పరమపదమనగా వైకుంఠము. ముక్కోటి ఏకాదశినాటి రాత్రి జాగరణ చేయువారు నిద్ర రాకుండుటకై ఈ పటమును పరచి, గవ్వలతోగాని పాచికలతోగాని ఆడుట రెండు భాషలవారికిని ఆచారము.

మన పటమునందు నూటికి పైబడిన గడులుండును. క్రిందినుండి పైకి పోవుకొలది గడుల స్థాయి పెరిగి, తుదకు దేవలోకములు వచ్చును. నిచ్చెనలు భక్తి, జ్ఞానము, వైరాగ్యము వంటి సద్గుణములకు గుర్తులు. పాములు దుర్గుణములకును, పురాణములలోని దుష్టులకును గుర్తులు. వైకుంఠమును సమీపించిన పిమ్మట పెద్దపాము నోట పడినవాడు తిరిగి అడుగు వరుసలకు జారును. ఎంత ఎత్తు ఎక్కినను అహంకరింపరాదని పెద్దలు పిల్లలకు ఆ పామును చూపియే చెప్పుదురు.

ఉత్తరదేశమున ఈ ఆటను జ్ఞానచౌపడ్ అందురు. అచ్చటి జైనుల పటములలో సాధారణముగా 84 గడులుండును. చేరవలసిన స్థానము సిద్ధలోకము. వైష్ణవులలో 72 గడుల పటము ప్రసిద్ధము. అందు 68వ గడి వైకుంఠము. దానిని దాటిపోయి 72వ గడియైన తమోగుణమును చేరినవాడు పాము వెంట భూలోకమునకు, అనగా 51వ గడికి, దిగివచ్చును. సూఫీ మార్గమువారికిని నూరు గడుల పటములు కలవు. ఈ ప్రతులలో మతము మారినది, గడుల సంఖ్య మారినది, చేరవలసిన లోకము మారినది. కాని గడిలో పేరు వ్రాయుట మారలేదు. ఆ పేరు చదివిన ఆటగానికి తాను ఏల ఎక్కెనో, ఏల దిగెనో తెలియుచుండెను.

1890వ దశకమున ఈ ఆట ఇంగ్లండులో అచ్చుపడెను. ఆ కాలపు ఆంగ్ల పటములలో పొదుపు, పశ్చాత్తాపము, శ్రమ అనునవి నిచ్చెనలు. భోగలాలస, అవిధేయత, సోమరితనము అనునవి పాములు. పాము మింగినవాడు రోగమునకో, అపకీర్తికో, దారిద్ర్యమునకో దిగిపోవును. మోక్షమునకు బదులు లోకమున బాగుపడుట అచ్చట గమ్యమైనది. మన దేశపు పాత పటములలో నిచ్చెనలకంటె పాములు హెచ్చు; ఆంగ్లేయులు రెండింటిని సమానము చేసిరి. 1943లో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ పాములను తొలగించి జారుడుబల్లలను పెట్టెను. నేడు అంగళ్లలో దొరకు పెక్కు పటములలో ఒకటి మొదలు నూరువరకు అంకెలు, పాములు, నిచ్చెనలు మాత్రమే కనబడును. గడులలో ఒక్క పేరైనను ఉండదు.

ఇట్టి మార్పు మన ఆటకు మాత్రమే కలిగినది కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. ఇది అద్భుతకథల లోకమున సాగు ఆట. బల్లచుట్టు కూర్చున్నవారిలో ఒకరు కథను నడుపుదురు. తక్కినవారు యోధుడు, మాంత్రికుడు మొదలగు పాత్రలను ధరించి, తమ పాత్ర ఏమి చేయునో మాటలతో చెప్పుదురు. ఫలితము తేలనిచోట పాచికలు వేయుదురు. సాహసములు చేసిన పాత్ర ఒక్కొక్క మెట్టే పైకెక్కును. కావున ఇదియు ఒక సోపానమే.

ఈ ఆటలో ప్రతి పాత్రకును ఒక శీలము నిర్ణయింపబడును. 1974 ప్రతిలో శీలములు మూడే: క్రమమును పాటించుట, తటస్థముగా ఉండుట, అరాచకమును కోరుట. 1977లో వెలువడిన ప్రాథమిక ప్రతిలో మంచిచెడ్డలను కూడ చేర్చి ఐదు చేసిరి. 1978 నాటి పెద్ద ప్రతిలో అవి తొమ్మిదియైనవి. 1979లో వచ్చిన నిర్వాహకుల గ్రంథము ప్రకారము శీలము మార్చుకొన్న పాత్ర ఒక మెట్టు క్రిందికి దిగవలెను. అది మన పాము వంటిదే! 2000 సంవత్సరపు మూడవ ప్రతిలో తొమ్మిది శీలములు నిలిచినవి గాని, అందరికిని వర్తించు ఆ దండనము పోయినది. 2008లోని నాలుగవ ప్రతి వానిని మరల ఐదింటికి తగ్గించెను. 2014లోని ఐదవ ప్రతి తొమ్మిదింటిని తిరిగి తెచ్చినను, అవి చాలవరకు పాత్ర స్వభావమును వర్ణించు మాటలుగానే మిగిలినవి.

రెండు ఆటలలోను కాలక్రమమున పతనమునకును శీలమునకును గల ముడి సడలినది. అయినను ఫలితము ఒక్కటి కాదు. అమెరికా ఆటలో ఏమి చేయవలెనో ఆటగాడే నిర్ణయించును. దండనము తీసివేసినను ఆ నిర్ణయము మిగిలియున్నది. తన పాత్ర శత్రువును క్షమించెనో వధించెనో అతడు నలుగురిలో నోటితో చెప్పియే తీరవలెను. వైకుంఠపాళిలో ఆటగానికి నిర్ణయమే లేదు. గవ్వ ఎట్లు పడిన పావు అట్లు నడచును. ఇట్టి ఆటలో బోధ యంతయు గడిలోని పేరునందే కలదు. పేరు పోయినచో అదృష్టము మాత్రమే మిగులును.

ఇచ్చట మనము ఒక్క విషయమును ఆలోచింపవలెను. చెన్నైలోని మన పిల్లలలో తెలుగు ధారాళముగా మాటలాడియు చదువలేనివారు కలరు. అట్టి బాలుని యెదుట తెలుగు వైకుంఠపాళిని పరచినచో అతనికి కనబడునది అంకెలు, పాములు, నిచ్చెనలు మాత్రమే. అనగా, అచ్చులో ఒక్క అక్షరమైనను మారకయే మన పటము అతనికి అంగడిలోని నూరు గడుల పటమైపోయినది. ముద్రాపకులు తీసివేయని పేర్లను మన అశ్రద్ధయే తీసివేయుచున్నది.

దీనికి ఉపాయము సులభము. పండుగనాడు ఆడునపుడు ఒక నియమమును చేర్చుకొందము: పావు చేరిన గడిలోని పేరును పైకి చదివిన పిమ్మటనే తరువాతివారు గవ్వలు వేయవలెను. చదువరానివానికి ప్రక్కవారు కూడబలుకుకొని చదువుట నేర్పవలెను. తమిళ మిత్రులుండినచో వారి పటమును ప్రక్కన పరచి, అందలి పేర్లను వారిచేత చదివించుకొందము. భక్తి, జ్ఞానము వంటి మాటలు రెండు లిపులలోను తారసిల్లుట పిల్లలకు వింతయైన ఆనందము కలిగించును.

ఇంటిలో పాత పటముండినచో మడతలయొద్ద చినుగకముందే అందలి పేర్లన్నియు గడుల వరుసలో ఒక నోటుపుస్తకమునకు ఎత్తి వ్రాయుడు. ముద్రాక్షరశాల పేరు, సంవత్సరము ఉండినచో వానిని కూడ గుర్తింపుడు. రెండు మూడు ఇండ్ల నోటుపుస్తకములను దగ్గరచేర్చినచో పాఠభేదములు వానియంతట అవియే బయటపడును. ఆ పని మన విద్యార్థులకు అసాధ్యము కాదు.